ఎక్కని కొండకి రాసిన రిపోర్టు

మా కలిదిండి వైపు ఎత్తైన చోటు ఏదని అడిగితే చేపల చెరువు గట్టు చూపిస్తారు. దాని మీద నిలబడితే నాలుగు వైపులా నీళ్ళు, నీళ్ళ చివర ఆకాశం. నేను పుట్టి పెరిగింది ఆ చదునులోనే. సర్వేయరుగా మొదటి పదిహేనేళ్ళు కొలిచిందీ ఆ చదునునే. అందుకే కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు మా ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదండీ?" అని అడిగితే, కొల్లేరు గొడవేదో చెబుతానని చెవులు రిక్కిస్తారు. నడుంలోతు బురదలో గొలుసు లాగడం, రెండు ఊళ్ళవాళ్ళు కర్రలతో చెరో గట్టు మీద నిలబడితే మధ్యలో పడవలో కూర్చుని టేపు పట్టడం, అవన్నీ ఉన్నాయి. కానీ నాకు మర్చిపోవడం చేతకానిది ఒక కొండ సంగతి. ఎక్కకుండానే ఎక్కానని నేను రాసిన కొండ.

ఆ ఊరి పేరు గానీ, మనుషుల పేర్లు గానీ ఇక్కడ రాయను. తప్పు నాది కనక నా పేరు చాలు. అది ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన మీకందరికీ తెలుసు.

ముందు మా సాయిబుగారి గురించి చెప్పాలి. ఆయన నాకు చైన్‌మన్, కొలత గొలుసు పట్టే మనిషి. ఏలూరు మనిషి. తండ్రి, తాత తివాచీలు నేసినవాళ్ళు. మగ్గం ఇంట్లోంచి వెళ్ళిపోయినా వేళ్ళలోని లెక్క వెళ్ళలేదు. ఆయన గొలుసు పట్టుకుంటే అది ఒక లింకు అటూ ఇటూ జరిగేది కాదు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అయినా నన్ను "సార్" అనేవారు, నేను ఆయన్ని "సాయిబుగారూ" అనేవాణ్ణి. పదకొండేళ్ళు అలా తిరిగాం. ఆయన క్యారేజీలో పలావు ఉన్న రోజు నా ఆవకాయ అటు వెళ్ళేది, పలావు ఇటు వచ్చేది. మా ఇద్దరి కొలత అంటే కొల్లేటి లంకల్లో గట్టి మాట ఉండేది. "ఆళ్ళిద్దరూ రాయి పాతారంటే ఇక అంతేనండీ" అనేవారు రైతులు. ఆ మాట విని విని నాకు కొంచెం కొవ్వు పట్టిందనే చెప్పాలి.

అటవీ హక్కుల చట్టం వచ్చిన కొత్తలో ఏజెన్సీ ఊళ్ళ నుంచి దరఖాస్తులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. అక్కడ కొలిచేవాళ్ళు చాలక డెల్టాలో ఉన్న మమ్మల్ని డెప్యుటేషన్ మీద పంపారు. నేనూ సాయిబుగారూ ఏలూరులో బస్సెక్కాం. కామవరపుకోట దాటేసరికి నల్లమట్టి పోయి ఎర్రమట్టి వచ్చింది. వరిచేలు పోయి జీడిమామిడి, పామాయిలు తోటలు వచ్చాయి. జంగారెడ్డిగూడెంలో దిగి బుట్టాయగూడెం బస్సు కోసం నిలబడినప్పుడు ఉత్తరాన నీలంగా కొండల వరస కనబడింది. సాయిబుగారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "దీన్ని గొలుసుతో ఎలా కొలుస్తామండీ?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

బుట్టాయగూడెంలో ఒక కిరాణా కొట్టు మీద గదిలో ఉండేవాళ్ళం. రెండు నులక మంచాలు, ఒక కిరోసిన్ స్టవ్వు. చేప దొరక్క నాకు నోరు చచ్చిపోయేది. సాయిబుగారు ఎండు రొయ్యలు తెప్పించి వంకాయలో వేసి వండితే, కింద కొట్టాయన కూడా గిన్నె పట్టుకుని పైకొచ్చేవాడు. పొద్దున్నే లేస్తే కిటికీలోంచి కట్టెల పొగ, తడిసిన ఆకుల వాసన. అక్కడున్నన్నాళ్ళూ నా సర్వీసులోకెల్లా మంచి రోజులని ఇప్పటికీ అనుకుంటాను. నా సర్వీసులోకెల్లా చెడ్డపని చేసిందీ అప్పుడే.

ఊళ్ళు ఒకదాని తరవాత ఒకటి పూర్తి చేస్తూ వచ్చాం. చివర్లో మిగిలింది కొండరెడ్ల గూడెం ఒకటి. ముప్పై ఇళ్ళు ఉంటాయి, కొండ పాదంలో. వాళ్ళు అడిగింది ఇళ్ళ చుట్టూ ఉన్న భూమి కాదు. కొండ నెత్తిన ఉన్న చదును. "అది మా తాతల ఊరు, ఇప్పటికీ మా పోడు అక్కడే" అని దరఖాస్తులో ఉంది. మా దగ్గరున్న పాత రికార్డులో ఆ కొండ పేరు రాళ్ళకొండ. పక్కన 'సాగుకు, నివాసానికి అనర్హం' అని ఎవరో ఏనాడో రాసిన మాట. కింద నుంచి చూస్తే నిజమే అనిపించింది. మనవైపు కనబడే ముఖమంతా నిటారు బండ. దాని మీద ఊరేమిటి, పంటేమిటి అనుకున్నాను.

ఆషాఢంలో ఒక రోజు బయల్దేరాం. ఫారెస్టు తరఫున రావాల్సినాయన జ్వరంతో రాలేదు. గూడెం నుంచి ఒకతను దారి చూపించడానికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో కత్తి, భుజాన ఖాళీ సొరకాయ బుర్ర. ఆయన నడక చూస్తే ఎక్కుతున్నట్టే ఉండేది కాదు. నేను మాత్రం పది అడుగులకోసారి ఆగేవాణ్ణి. వెదురు పొదల్లో చొక్కా చిరిగింది. రెండు వాగులు దాటాం. సగం దారిలో చిన్న చదును వచ్చేసరికి వాన పట్టుకుంది. జారి ఒక బండ మీద పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. చేతిలో ఉన్న జీపీఎస్ పెట్టె చెట్ల కింద ఒక్క ఉపగ్రహాన్నీ పట్టుకోలేదు.

"ఇంకా ఎంతుంది?" అని అడిగాను.

"ఇప్పటిదాకా ఎక్కినంత ఉంది. చూడాల్సిందంతా ఆ ఎనకాలే" అన్నాడు దారి చూపించే మనిషి, బండ అవతలకి చెయ్యి చూపిస్తూ.

వాన సందున బైనాక్యులర్ పెట్టి పైకి చూశాను. రాయి. రాయి మీద మబ్బు. "చాల్లే. పేరులోనే ఉంది కదా, రాళ్ళకొండ అని. దిగిపోదాం" అన్నాను.

సాయిబుగారు గొడుగు మడిచి, "మీరు ఇక్కడ కూర్చోండి సార్. నేను ఈయనతో వెళ్ళి చూసొస్తాను" అన్నారు.

"మీకేం పని సాయిబుగారూ, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. జారితే మీ ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పను?"

ఆయన క్షేమం కోసం అన్నట్టే అన్నాను. అసలు సంగతి వేరు. చైన్‌మన్ పైకెక్కి సర్వేయరు కింద కూర్చున్నాడంటే నవ్వుతారని. ఆయనకి అది అర్థమయింది. గొడుగు మళ్ళీ విప్పి నా నెత్తిన పట్టి దింపారు. దారి చూపించే మనిషి కాసేపు అక్కడే నిలబడి, తరవాత మా వెనకే వచ్చాడు. ఆయన్ని నేను ఇంకేమీ అడగలేదు.

రిపోర్టుకి రెండు రోజులే గడువు. గదిలో కూర్చుని రాశాను. "కొండ శిఖరం వరకు వెళ్ళి పరిశీలించడమైనది. సాగు గానీ, పూర్వ నివాసపు ఆనవాళ్ళు గానీ కనుగొనబడలేదు." మీరూ ఇలాంటి వాక్యాలే రాస్తారు, నాకు తెలుసు. కొంచెం ఆగి చూడండి. పరిశీలించడమైనది. ఎవరు పరిశీలించారు? ఆ క్రియకి కర్త ఉండడు. మన ఆఫీసు భాషలో ఎవరూ ఏమీ చెయ్యరు, అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. ఆ వాక్యం రాసేటప్పుడు నేను అబద్ధం ఆడుతున్నట్టు కూడా అనిపించలేదు, ఎందుకంటే అందులో నేను లేను. జ్వరం తగ్గి వచ్చిన ఫారెస్టు ఆయన, "మీరు చూశారుగా, చాలండీ" అని నా సంతకం కింద సంతకం పెట్టాడు. సాయిబుగారు స్టవ్వు దగ్గర కూర్చుని టీ కాస్తున్నారు. కప్పు నా ముందు పెట్టి, కాగితం వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

దరఖాస్తు కొట్టేశారు.

కార్తీకంలో గూడెంవాళ్ళు అప్పీలు పెట్టుకున్నారు. విచారణకి ఒక కుర్ర ఆఫీసరుగారు స్వయంగా గూడేనికే వచ్చారు. స్కూలు వరండాలో బల్ల వేశారు. జనం నేల మీద కూర్చున్నారు. నన్ను నిలబెట్టి రిపోర్టు చదవమన్నారు. చదివాను. మంచి గొంతుతోనే చదివాను.

చదవడం అయ్యాక ముందు వరసలోంచి ఒక ముసలామె లేచింది. సన్నగా, పొట్టిగా, వెదురు కర్రలా ఉంది. మాకు దారి చూపించిన మనిషికి తల్లి అని తరవాత తెలిసింది. ఆ గూడెంవాళ్ళకి ఆఫీసరైనా, అల్లుడైనా 'నువ్వే'. అందులో అమర్యాద ఏమీ ఉండదు.

"పైకెక్కేవా?" అంది.

"ఎక్కాను."

"కొస దాకా?"

"ఆఁ."

"అయితే చెప్పు, నీళ్ళెక్కడ తాగేవు?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. "సీసాలో తీసుకెళ్ళాను" అన్నాను.

వెనక నుంచి ఎవరో నవ్వారు. నవ్వు మెల్లగా వరండా అంతా పాకింది. ముసలామె మాత్రం నవ్వలేదు. "ఆ కొండ ఎక్కినోడికి సీసాలో చుక్క మిగలదు బాబూ. ఎక్కే బాట ఊట మీద నుంచే పోద్ది. ఊటలో కాలు తడవకుండా పైకి పోడానికి ఇంకో దారి లేదు. నీకు ఊట తెలీదు" అంది. అని కూర్చుంది. నన్ను అబద్ధాలకోరు అనలేదు. నీకు ఊట తెలీదు అంది, అంతే.

ఆఫీసరుగారు నా వైపు చూశారు. నేను వెనక నిలబడ్డ సాయిబుగారి వైపు చూశాను. ఆయన తన చెప్పులు చూసుకుంటున్నారు. పదకొండేళ్ళలో ఆయన నా ముఖం చూడలేకపోవడం అదే మొదలు.

"మరోసారి చూస్తానండీ. రేపే వెళ్తాను" అన్నాను.

"మరోసారా?" అన్నారు ఆఫీసరుగారు. ఆయన కుర్రాడే గానీ చెవిటివాడు కాదు.

నేను రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన గుచ్చి అడగలేదు. వారం గడువిచ్చారు. ముసలామె కూర్చున్న చోటి నుంచే, "రేపు నేనొస్తా తోడు" అంది.

మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరాం. ముసలామె ముందు, ఆమె కొడుకు, తరవాత నేను, సాయిబుగారు. జ్వరం వంక లేదు కనక ఫారెస్టు ఆయనా వచ్చాడు. వానలు వెనకబట్టాయి. దారిలో ఆకుల మీద మంచు. ఆమెకి డెబ్బై దాటి ఉంటాయి. చెప్పులు లేవు. ఎక్కడ కాలు పెట్టాలో ఆ కాలికే తెలుసు. నేను ఆగినప్పుడల్లా ఆమె కూడా ఆగి, ఏదో ఆకు తుంపుతున్నట్టో, గడ్డ వెతుకుతున్నట్టో నటించేది. నాకు సిగ్గు కలగకుండా అలా చేస్తోందని చాలాసేపటికి గాని అర్థం కాలేదు. సగం దారి చదును వచ్చింది. నేనే ఆగకుండా దాటాను.

ఆ పైన బండ చుట్టూ తిరిగితే సన్నటి ఇరుకు. ఆ ఇరుకులో, రాతి కిందనుంచి, నీళ్ళు. పాదం మునిగేంత. నిజంగానే పక్క దారి లేదు. ముసలామె కొడుకు సొరకాయ బుర్ర ముంచి ముందు సాయిబుగారికి ఇచ్చాడు, తరవాత నాకు. పళ్ళు జివ్వుమన్నాయి. కొల్లేటి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, నీళ్ళకి అంత రుచి ఉంటుందని నాకు తెలీదు. ఫారెస్టు ఆయన కూడా తాగాడు. తాగి, నా వైపు చూసి, మూతి తుడుచుకుని పక్కకి తిరిగాడు. నన్ను నమ్మి సంతకం పెట్టిన మనిషి. ఆ చూపు ఇంకా ఉంది నా దగ్గర.

ఇరుకు దాటి నాలుగడుగులు వేస్తే కొండ నెత్తి. కింద నుంచి కనబడే బండ ఒక గోడ మాత్రమే. దాని వెనక, పళ్ళెంలా, చదును. చదునంతా పంట. సామ కోసేసిన మోళ్ళు, వాటి మధ్య పూతకొచ్చిన కంది. ఒక మంచె. పనిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు నడుం ఎత్తి మా వైపు చూశారు. అవతలి అంచున వరసగా ముదురు పనస చెట్లు, మనిషి నాటితే తప్ప అలా వరసలో ఉండవు. పనసల పక్కన నేలలో కూరుకుపోయిన పునాది రాళ్ళు, గదులు గదులుగా.

"ఇటు రా" అంది ముసలామె.

చదును చివర పెద్ద పరుపుబండ ఉంది. దాని మీద గుంటలు. ఒకటి కాదు, పదిహేడు లెక్కపెట్టాను. గుండ్రంగా, నున్నగా, బండలోకే తొలిచిన రోళ్ళు. ఒక్కో ఇంటికి ఒక రోలు. ఇళ్ళు పోయాయి, రోళ్ళు కదలవు కనక మిగిలాయి. ఆమె ఒక్కోదాని దగ్గరా ఆగి చెప్పింది. "ఇది మా మేనత్తది. ఇది గుడ్డోడి పెళ్ళాంది. ఇది మా అమ్మది." తల్లి రోలు దగ్గర కూర్చుని, అందులో నిలిచిన వాననీరు చేత్తో తోడి పారబోసి, చెయ్యి లోపల పెట్టింది. మోచేతి దాకా దిగింది. సాయిబుగారు జేబులోంచి టేపు తీసి లోతు కొలిచారు. నాకు చెప్పకుండా తనలో తాను గొణుక్కున్నారు, "ఎన్ని చేతులు దంచితే ఇంత లోతు దిగాలి."

"రాళ్ళకొండ అని రాశారు మా కాగితాల్లో" అన్నాను.

ఆమె విరగబడి నవ్వింది. "రాళ్ళకొండేంటి? కొండన్నాక రాళ్ళుండవా? ఏ కొండకి లేవు? ఇది రోళ్ళకొండ."

ఏ నాటి గుమాస్తానో ఆ పేరు విని, కొండ మీద రోళ్ళేమిటి, రాళ్ళు అయి ఉంటుందిలే అని దిద్ది ఉంటాడు. ఒక్క గుణింతం. ఆయనా ఎక్కి ఉండడు. ఆయన్ని నమ్మి నేనూ ఎక్కలేదు.

పనస నీడలో కూర్చుని ఆమె ఊరు దిగిన కథ చెప్పింది. వాళ్ళ నాన్న రోజుల్లో గుర్రం మీద ఒక దొర వచ్చాడట. కొండ సర్కారుది, కిందకి దిగండి, రోడ్డు పక్కనుంటే మందులిస్తాం, బియ్యమిస్తాం అన్నాడట. కొందరు దిగమన్నారు, కొందరు వద్దన్నారు. చివరికి ఒక వేసవిలో ఊరంతా మేము ఎక్కొచ్చిన ఆ బాటనే దిగింది, దాన్ని ఇప్పటికీ దిగుడు బాట అంటారు. ఆమెని కావిడి బుట్టలో కూర్చోబెట్టి నాన్న దింపాడు. రెండో బుట్టలో కోళ్ళు. "నేనేడిస్తే కోళ్ళు అరిచేయంట. కోళ్ళరిస్తే నేనేడిచేదాన్నంట. అలాగే దిగేం" అంది. "బియ్యం వచ్చేయా?" అని అడిగారు సాయిబుగారు. "రెండేళ్ళు వచ్చేయి. తరవాత ఆ దొర మారిపోయేడు." ఇళ్ళు దిగాయి గానీ సేద్యం దిగలేదు. విత్తనాల రోజుల్లోనూ, కోతల్లోనూ వాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు, ఆమె నాన్న, ఆమె, ఆమె కొడుకు.

ఆ రోజంతా కొలిచాం. సాయిబుగారు గొలుసు పట్టిన తీరు చూసి ఆ మంచె దగ్గరి ఆడవాళ్ళు పని ఆపేసి కూర్చున్నారు. కొండ నెత్తిన ఆకాశం తెరిపిగా ఉంది, జీపీఎస్ పెట్టె ఒక్క పెట్టున ఉపగ్రహాలన్నిటినీ పట్టుకుంది. మధ్యాహ్నం ఆకులో సామన్నం, కందిపచ్చడి పెట్టారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

అసలు కష్టం దిగాక మొదలైంది. మా హెడ్ సర్వేయరుగారిది తాడేపల్లిగూడెం. ముక్కుపొడుం వేసే మనిషి, మంచివారు, మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసేవారు. జరిగింది విని పొడుం డబ్బా మూసి, కాగితం తీసుకుని ఒక వాక్యం రాసిచ్చారు. "మొదటి పరిశీలన సమయంలో వర్షము, దట్టమైన పొదల కారణముగా ఆనవాళ్ళు గుర్తించలేకపోవడమైనది."

"ఇది పెట్టవయ్యా. కొత్త రిపోర్టూ వెళ్తుంది, నీకూ నొప్పి లేదు. ప్రమోషన్ లిస్టు తయారవుతోంది, గుర్తుందిగా?"

గుర్తుంది. నా పేరు అందులో రెండోది.

ఆ వాక్యం జేబులో పెట్టుకుని గదికి వచ్చాను. ప్రాణం లేచివచ్చినట్టయింది. సాయిబుగారికి చదివి వినిపించాను. ఆయన వంకాయలు తరుగుతున్నారు. కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"పొదల వల్ల కనపడలేదంటే, వెళ్ళినట్టేగా సార్?"

"మాట వరసకి..."

"మాట వరసకే అనుకోండి. ఒకే మనిషి ఒకే కొండ రెండుసార్లెక్కి రెండు రకాలుగా రాశాడు. ఏది నిజమో పైవాళ్ళకెలా తెలుస్తుంది? మూడో మనిషిని పంపిస్తారు. ఆయన వానాకాలం వస్తాడు." మళ్ళీ వంకాయ తరగడం మొదలుపెట్టారు. "నేను తక్కువ చదువుకున్నవాణ్ణి. తప్పయితే క్షమించండి."

ఆయన తప్పు మాట్లాడలేదు. మొదటి రిపోర్టు బతికి ఉన్నంతకాలం రెండోదానికి బలం ఉండదు. మొదటిదాన్ని చంపగలిగింది నేనొక్కణ్ణే.

రాశాను. "మొదటిసారి నేను కొండ పైకి ఎక్కలేదు. సగం దారిలో వెనుదిరిగాను. చైన్‌మన్ పైకి వెళ్తానంటే నేనే వద్దన్నాను. అటవీ శాఖ ఉద్యోగి నా మాట నమ్మి సంతకం చేశారు. ఆ రిపోర్టు నిజం కాదు." అంతకు ముందు ఆఫీసు కాగితం మీద 'నేను' అని నేను ఎన్నడూ రాయలేదు. ఆ రెండక్షరాలు రాయడానికి ఎంతసేపు పట్టిందో చెబితే నవ్వుతారు. హెడ్ సర్వేయరుగారు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పిచ్చోడివయ్యా" అన్నారు. కానీ ఒక్క అక్షరం మార్చకుండా పైకి పంపారు. టైపిస్టు మాత్రం రోళ్ళకొండని రెండుసార్లు రాళ్ళకొండ చేశాడు. మూడోసారి అతని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

తరవాత ఏం కావాలో అదే అయింది. మెమో వచ్చింది. విచారణ జరిగింది. లిస్టులో నా పేరు తీసేశారు. నా తరవాత చేరినవాడు నాకు పై అధికారి అయ్యాడు, పాపం, ఆ కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ నన్ను "గురువుగారూ" అనే పిలిచాడు. నన్ను వెనక్కి కొల్లేటికి వేశారు. మా ఆవిడ ఆర్డరు చదివి, "పోనీలెండి, ఇంటికి దగ్గరకొచ్చారు" అంది. అంతకు మించి ఆ విషయం మా ఇంట్లో మాట్లాడుకోలేదు.

కాగితాలు రావడానికి ఏడాది పైన పట్టింది. పట్టాలు పంచుతున్నారన్న కబురు సాయిబుగారు మోసుకొచ్చారు. అప్పటికి ఆయన రిటైరయ్యారు. ఇద్దరం ఎవరికీ చెప్పకుండా, నేను సెలవు పెట్టి, అదే బస్సులో వెళ్ళాం. గూడెం స్కూలు ముందు చిన్న పందిరి. మేము వెనక నిలబడ్డాం. అడిగినంతా రాలేదు. పైన చదునులో కొంత కోత పడింది. రోళ్ళ బండ, పనసలు, పొలంలో ఎక్కువ భాగం వచ్చాయి.

ముసలామెని పిలిచారు. అంతకు ముందొచ్చిన వాళ్ళందరూ కాగితం తీసుకుని, దండం పెట్టి, ఫొటోకి నిలబడి వెళ్ళారు. ఆమె కాగితం అందుకోలేదు.

"అందులో ఏం రాశారో చదువు" అంది.

ఆఫీసరుగారు నవ్వి చదవబోయారు. ఆమె కళ్ళు మూసుకుంది.

"తూర్పు: ఊట వాగు."

ఆమె తల ఊపింది.

"దక్షిణం: రోళ్ళ పరుపుబండ."

ఊపింది.

"పడమర: పనస చెట్ల వరుస."

ఊపింది. నా పక్కన సాయిబుగారు వేళ్ళ మీద హద్దులు లెక్కపెడుతున్నారు. ఎన్ని కోర్టుల్లో ఎంతమంది ప్లీడర్లు నా కొలతల మీద అరిచినా నాకు అంత భయం వెయ్యలేదు.

"ఉత్తరం: దిగుడు బాట మొదలు."

ఆమె వెంటనే ఊపలేదు. ఆ బాట మీద కాళ్ళతో కాదు, మనసులో ఒకసారి నడిచి వచ్చిందనుకుంటాను. తరవాత కళ్ళు తెరిచి, చెయ్యి చాపి కాగితం తీసుకుంది.

"సరిగ్గానే ఉంది" అంది.